ఉప్పు, చక్కెర కలిసి తెరిచే తలుపు

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల గ్రామంలో అతిసారం ప్రబలి కొందరు ప్రాణాలు కోల్పోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అరసవల్లి నుండి ఈ శీర్షిక రాస్తున్న మాకు అది పక్క జిల్లాలో జరిగిన విషాదం. అతిసారంలో ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు శరీరంలోని నీరు, లవణాలు వేగంగా వెళ్ళిపోవటమే. ఆ లోటును పూడ్చటానికి మందుల దుకాణంలో కొద్ది రూపాయలకే ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరుకుతుంది. అందులో ఉన్నవి ఉప్పు, గ్లూకోజు, పొటాషియం లవణం, సిట్రేటు మాత్రమే. ఇంత మామూలు పదార్థాలు ప్రాణాన్ని ఎలా నిలుపుతాయి? వట్టి నీళ్ళు తాగిస్తే ఎందుకు చాలదు? దీనికి సమాధానం కంటికి కనిపించని కణంలో ఉంది.

ప్రతి కణాన్నీ ఒక పలుచని పొర చుట్టి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. లోపల కణద్రవ్యం, వంశ లక్షణాలను భద్రపరచే కేంద్రకం, ఆహారం నుండి శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలు ఉంటాయి. పొర కొవ్వు పదార్థంతో ఏర్పడినది కనుక ఉప్పు, చక్కెర దానిలోంచి నేరుగా దూరలేవు. వాటి కోసం పొరలో మాంసకృత్తులతో నిర్మితమైన ప్రత్యేక ద్వారాలు ఉన్నాయి. ఆక్సిజన్ వంటి వాయువులు మాత్రం ఎక్కువ ఉన్న చోటు నుండి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే ప్రవహిస్తాయి. దీన్ని వ్యాపనం అంటారు.

నీటి నడక ద్రవాభిసరణ సూత్రాన్ని అనుసరిస్తుంది. అంటే, కరిగిన పదార్థాలు ఎటు ఎక్కువగా ఉంటే నీరు అటు కదులుతుంది. షీర్ ఖుర్మా కోసం నానబెట్టిన కిస్‌మిస్ ఉబ్బటం, మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు నీరు వదలటం మన వంటింట్లోనే కనిపించే ఉదాహరణలు. కిస్‌మిస్ లోపల చక్కెర ఎక్కువ, అందుకే నీరు లోపలికి వెళ్ళింది. మాగాయలో ఉప్పు ముక్క బయట ఎక్కువ, అందుకే నీరు బయటికి వచ్చింది.

ఇప్పుడు చిన్న పేగు కణాన్ని చూద్దాం. దానిలోని ఒక పంపు సోడియంను అదేపనిగా బయటికి తోడుతూ ఉంటుంది. మూడు సోడియం అయాన్లను పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పనికి ఎ.టి.పి. అనే శక్తి పదార్థం ఖర్చవుతుంది. దానిని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. పంపు వలన కణం లోపల సోడియం తగ్గి, పేగులోని సోడియం లోపలికి రావటానికి వీలు కలుగుతుంది. అయితే, దానికి ఉన్న ఒక ముఖ్య ద్వారం గ్లూకోజు తోడు వస్తేనే తెరుచుకుంటుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించారు. ఆ రెండూ లోపలికి పోగానే వాటి వెంట నీరూ పోతుంది.

కలరా విషం మరొక ద్వారాన్ని బార్లా తెరిచి, లవణాన్నీ నీటినీ పేగులోకి కుమ్మరింపజేస్తుంది. కాని ఈ జంట ద్వారం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఓ.ఆర్.ఎస్. కిటుకంతా ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగినపుడు, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే తాగించారు. రోగుల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఇక్కడ కొలతే ప్రధానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. చక్కెర మితిమీరితే మాగాయ ముక్కకు జరిగినదే పేగుకూ జరుగుతుంది. శరీరంలోని నీరు పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది ఇందుకే. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అటువంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కనుక పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి తీసుకోవాలి. షర్బత్, శీతల పానీయాలు దీనికి బదులు కావు.

పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉందో అంతే నీటిలో, కాచి చల్లార్చి, మొత్తం పొట్లాన్ని ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. పసివారికి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు మాన్పించరాదు. పొట్లం అందుబాటులో లేకపోతే లీటరు నీటికి ఆరు సమతలపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపవచ్చు. కళ్ళు గుంతలు పడినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగలేకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలో కూడా, మెలకువగా ఉండి మింగగలిగితే, తాగిస్తూనే ఉండాలి.

విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఆపే పెద్దలు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. దాదీకో నానీకో ఈ సంగతి ఓపికగా చదివి వినిపించండి. రెండు పొట్లాలు ముందే ఇంట్లో తెచ్చి ఉంచండి.