గిటార్ గరగరమంటోందా?

పండక్కో, మంచి మార్కులు తెచ్చుకున్నందుకో పిల్లలకు ఎలక్ట్రిక్ గిటార్ కొనిస్తారు. కొన్నాళ్లకే అది గరగరమంటుంది, లేదా ఉన్నట్టుండి మూగబోతుంది. అంతమాత్రాన రిపేరు షాపుకి పరిగెత్తనక్కర్లేదు. వరసగా చూసుకుంటూ వెళితే చాలా లోపాలు ఇంట్లోనే బయటపడతాయి.

గిటార్ తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి వైరు ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ వైరులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. అది వాల్యూమ్ నాబ్, జాక్, కేబుల్ మీదుగా యాంప్లిఫయర్‌కు చేరుతుంది. లోపం ఈ దారిలోనే ఎక్కడో ఉంటుంది.

ముందు కేబుల్ మార్చి చూడాలి. వేరే కేబుల్ పెట్టగానే మోగిందంటే గిటార్‌లో ఏ దోషమూ లేనట్టే. కొత్త కేబుల్‌తోనూ కదిపినప్పుడల్లా శబ్దం వచ్చిపోతుంటే జాక్ నట్టు వదులైందేమో చూడండి. బిగించేటప్పుడు జాక్ తిరగకుండా పట్టుకోవాలి. అది కూడా నట్టుతోపాటు తిరిగితే లోపలి వైర్లు మెలిపడి తెగిపోతాయి.

నాబ్ తిప్పినప్పుడే గరగరలాడితే సాధారణంగా అది దుమ్ము పని. కేబుల్ తీసేసి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను నాబ్ కింది భాగం లోపలికి కొద్దిగా కొట్టాలి. తర్వాత నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఓ 20 సార్లు తిప్పాలి. కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దు. దుమ్ము ఇంకా పట్టేస్తుంది.

తీగలకు చెమటే శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తుప్పు మరీ త్వరగా పడుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిస్తే తీగలు ఎక్కువకాలం మన్నుతాయి.

తీగలను తాకగానే 'హుమ్' అనే మోత కాస్త తగ్గడం మామూలే. తాకితే పెరుగుతుంటే మాత్రం గిటార్ లోపలి ఎర్త్ వైరు ఊడిందేమో చూపించుకోవాలి.

తీగ తాకితే జిల్లుమందా? అది గిటార్‌లో పుట్టే కరెంటు కాదు. యాంప్లిఫయర్‌లోనో, ఇంటి వైరింగ్‌లోనో ఉన్న లోపం కేబుల్ వెంట తీగల దాకా వస్తోందన్నమాట. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యార్డ్‌బర్డ్స్ బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంగ్లండ్‌లోని తన ఇంట్లో గిటార్ వాయిస్తూ కరెంటు షాక్‌తోనే చనిపోయాడు. వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్లో ఇరికించే అలవాటుంటే మానుకోవాలి.

యాంప్లిఫయర్ మూత మాత్రం ఇంట్లో తీయొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.