మేం చేస్తే వెట్టి, మీరు చేస్తే అనుభవం

పోయిన ఎండాకాలం ఒక పిల్ల దరఖాస్తు పట్టుకొని మా ఇంటికొచ్చింది. మాదిగ పిల్ల, నా దగ్గర పదో తరగతి చదివింది. ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ చేస్తోంది. "సార్, అన్నీ నింపిన. పని అనుభవం అన్న గడి ఒక్కటే మిగిలింది. ఏం రాయాలె?" అంది.

"ఏం పనులు చేసినవు బిడ్డా?" అన్నాను.

"పత్తి ఏరిన. నాట్లేసిన. ఇప్పుడు హాస్టల్ ఖర్చులకు ఆదివారాలు బట్టల దుకాణంల నిలబడుతున్న. గవి గూడ రాస్తరా సార్?" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. పదిహేనేండ్ల కింద అదే గడిలో నేనొక అడ్డగీత గీసి వచ్చాను.

2009లో ఉస్మానియాలో ఎం.ఏ.లో చేరాను. మా ఇంట్లో డిగ్రీ అన్న మాట నాతోనే మొదలు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే నేనూ విద్యార్థినే. పొద్దుగూకితే తార్నాక చౌరస్తాలో నిలబడే కూలీని. తెల్లచొక్కా, నల్లప్యాంటు సంచిలో పెట్టుకొని పోతే కేటరింగ్ మేస్త్రీ ఆటోలో కుక్కి ఫంక్షన్ హాల్‌కు తోలుకపోయేటోడు. రాత్రికి రెండు వందలు. తిన్న ప్లేట్లు ఎత్తాలె. ఏ వరుసలో ఏ కూర తక్కువైందో వాళ్లు అడగకముందే చూసుకోవాలె. అన్నం అడుగంటుతుంటే వంటాయనకు చెప్పి, అది వచ్చేదాక జనాన్ని మాటలతో ఆపాలె. అందరూ పోయినంక మిగిలింది నిలబడే తిని, అర్ధరాత్రి దాటినంక హబ్సిగూడ నుంచి హాస్టల్‌కు నడిచి వచ్చేవాణ్ణి. పొద్దున మళ్లీ క్లాసు.

ఒకరోజు పెండ్లిలో వెనక నుంచి "బాబూ, నీళ్లు" అని వినిపించింది. తిరిగి చూస్తే మా క్లాసు పిల్లగాడు. నన్ను చూసి గ్లాసు పట్టుకున్న చెయ్యి అట్లనే ఆగింది. నేను నీళ్లు పోశాను. తెల్లారి క్లాసులో ఆ సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ ఎండాకాలం వాడు మేనమామకు తెలిసిన ఆఫీసులో రెండు నెలలు పనిచేశాడు. జీతం లేదు. జీతం వాడికి అవసరమూ లేదు. బండి, పెట్రోలు, తిండి అన్నీ ఇంటివి. రెండు నెలల తర్వాత లెటర్‌హెడ్ మీద ముద్ర కొట్టిన కాగితం తెచ్చుకున్నాడు. అది అనుభవం. మరి రెండేండ్లు నేను చేసింది ఏంది?

2011లో ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకు పోయాను. అనుభవం గడిలో గీత గీశాను. "రెండేండ్లు చదువు తప్ప ఇంకేం చెయ్యలేదా?" అన్నారు. లేదన్నాను. "నాన్నగారు ఏం చేస్తారు?" అన్నారు. వ్యవసాయం అన్నాను. కూలీ అనడానికి నోరు రాలేదు. ఈ ప్రశ్న నా ఒక్కడికే ఎదురుకాలేదు. 2007లో అశ్విని దేశ్‌పాండే, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ యూనివర్సిటీల విద్యార్థుల మీద చేసిన అధ్యయనం దళిత విద్యార్థులను ఈ 'కుటుంబ నేపథ్యం' ప్రశ్న ఎట్లా వెంటాడుతుందో రాసింది. ఉద్యోగం రాలేదని కాదు నా దుఃఖం. నా రాత్రుల చాకిరిని నా చేత్తోనే కొట్టేసుకున్నాను. మా నాయన చెమటను నా నోటితోనే దాచిపెట్టాను.

మా తాత దొర గడీలో కూలి లేకుండా పనిచేశాడు. దాన్ని వెట్టి అన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకుంటే అదీ వెట్టే. మనిషిని కట్టేసింది తాడు కాకపోవచ్చు, ఆకలి కావచ్చు. అయినా వెట్టే.

ఇప్పుడు చూడండి. కూలి లేని పనే చదువుకున్నోళ్లకు గౌరవమైంది. దాని పేరు ఇంటర్న్‌షిప్. కూలి లేకుండా రెండు నెలలు బతకగలగడం ఒక ఆస్తి. ఆ ఆస్తి ఉన్నోడికే అనుభవం. పూట గడవక కూలికి పోయినోడికి అనుభవం లేదట! తాతను గడీ తిన్నది, మనవణ్ణి గడి తింటున్నది.

"ప్లేట్లు ఎత్తితే ఏం నేర్చుకుంటావయ్యా?" అంటారు. ఐదు వందల మందిని ఒక రాత్రి సంభాళించి చూడండి, అప్పుడు మాట్లాడదాం. అట్లని ప్లేట్లే మా చదువని నేననడం లేదు. లాబ్‌లో పని, పత్రికలో పని, కోర్టులో పని మాకూ కావాలె. కూలితో కావాలె. 1961 అప్రెంటిస్ చట్టం పని నేర్చుకునేవాడికి స్టైపెండ్ ఇవ్వమంటుంది. 1973 సవరణ అందులో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు పెట్టింది. అదే మనిషిని ఇంటర్న్ అని పిలిస్తే చాలు, స్టైపెండ్ ఇవ్వకున్నా, మమ్మల్ని గేటు దగ్గరే ఆపినా అడిగేటోడు లేడు. పేరు మార్చి చట్టం నుంచి తప్పించుకునే విద్య వీళ్లకు కొత్తదా?

మనవాళ్లనూ ఒక మాట అడగాలె. హాస్టల్ సీటు కోసం, స్కాలర్‌షిప్ కోసం కొట్లాడినం. సరే. తెలంగాణ ఉద్యమంలో డప్పు కొట్టినం, పాట పాడినం. ఎవరన్నా దాన్ని అనుభవం కింద రాసిచ్చిన్రా? మనమన్నా అడిగినమా? జీతం లేని ఇంటర్న్‌షిప్ వద్దని, ఉన్నచోట రిజర్వేషన్ కావాలని మన డిమాండ్ల కాగితంలో ఎందుకు లేదు? మన కూలిపనిని మనమే సిగ్గుపడి దాచినంత కాలం వాళ్లు దాన్ని పని అని ఎందుకంటారు?

ఆ పిల్ల దరఖాస్తు ఇద్దరం కలిసి నింపినం. "వ్యవసాయ కూలీ, ఆరేండ్లు. బట్టల దుకాణంలో అమ్మకాలు, ఏడాదిన్నర." గడి సరిపోక పక్కన రాసింది.

"చూసి నవ్వరా సార్?" అంది.

"నవ్వితే, ఆరేండ్లు ఎండల నిలబడి పత్తి ఏరిన్రా అని అడుగు బిడ్డా" అన్నాను.

ఈసారి ఆమె నవ్వలేదు. కింద సంతకం పెట్టింది.