పొట్లాల కాగితాల్లో దొరికిన పత్రిక

1436 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక చేపల కొట్టులో, పొట్లాలు కట్టడానికి పడేసిన చిత్తుకట్టలోంచి అరెజ్జోకు చెందిన థామస్ అనే కుర్ర మతాచార్యుడు ఒక గ్రీకు రాతప్రతిని బయటికి తీశాడట. ‘దియొగ్నేతుకు రాసిన పత్రిక’ అనే తొలినాటి క్రైస్తవ లేఖ మనదాకా వచ్చింది ఆ ఒక్క ప్రతి వల్లే. చేతులు మారి మారి అది స్ట్రాస్‌బర్గ్ చేరింది. 1870 ఆగస్టులో ప్రష్యా ఫిరంగులకు అక్కడి గ్రంథాలయంతో పాటు బూడిదైంది. అదృష్టవశాత్తు హెన్రీ ఎస్తియెన్ 1586లోనే దానికి నకలు తీసుకుని 1592లో అచ్చు వేయించాడు.

రాసిందెవరు? ప్రతి మీదున్న పేరు తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్‌ది. కానీ జస్టిన్ పాత లేఖనాలను పుటలకొద్దీ ఉదాహరిస్తాడు, ఇతను వాటిని ఉదాహరించడం చాలా అరుదు. జస్టిన్ వచనం కుంటుతూ నడుస్తుంది, ఇతనిది పరుగు. నాలుగో శతాబ్దంలో జస్టిన్ రచనల జాబితా ఇచ్చిన యూసేబియస్ దీన్ని ప్రస్తావించనే లేదు. అయినా ఆ దొంగ సంతకమే దీన్ని బతికించిందని నా అనుమానం. ఊరూ పేరూ లేని ఉత్తరాన్ని శతాబ్దాల పాటు ఎవరు నకలు తీస్తారు?

జస్టిన్ కాదనుకున్న పండితులు ఊరుకున్నారా? క్వాద్రాతుస్ అన్నారు, హిప్పొలితుస్ అన్నారు, భారతదేశానికి వెళ్లాడని చెప్పుకునే పంతేనుస్‌నూ లాక్కొచ్చారు. రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ గురువుల్లో ఒక దియొగ్నేతు ఉన్నాడు కనుక ఉత్తరం అతనికే అన్నారు. ఎస్తియెనే కల్పించి ఉంటాడని శంకించినవాళ్లూ లేకపోలేదు. జస్టిన్ పేరు తగిలించిన పాత నకలుగాడెవరో చేసిన పనినే వీళ్లు పాదసూచికలతో చేస్తున్నారు.

క్రైస్తవులకు వేరే దేశం, భాష, వేషం లేవనీ, ప్రతి పరదేశమూ వాళ్లకు స్వదేశమే, ప్రతి స్వదేశమూ పరదేశమేననీ అయిదో అధ్యాయం చెబుతుంది. అలా రాసినవాడికి మనం ఊరూ పేరూ కట్టబెట్టాలని ఇంత తాపత్రయపడటం నాకైతే తమాషాగానే ఉంది.

నేను నమ్మేది కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన ఆ ప్రతిని రాసిన అజ్ఞాత నకలుగాణ్ణే. తన ముందున్న పాత ప్రతిలో తెగిపోయిన చోట్లను, పూడ్చకుండా, అంచులో గుర్తు చేశాడు. పదో అధ్యాయం చివర అలాంటి గుర్తుంది. ఆ తర్వాతి రెండు అధ్యాయాలూ ఉత్తరంలా ఉండవు, ప్రసంగంలా సాగుతాయి. అవి వేరొకరివని చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకుంటూనే ఒకే పేరు కింద అచ్చు వేస్తారు.