ఆశీలు పాటలోనే ఆపుదాం, పిల్లల కళ్ళు కాపాడుకుందాం



శివరాత్రి తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. పిల్లలు అప్పుడే చిల్లర కూడబెట్టుకుంటున్నారు. ఆ డబ్బుతో చాలామంది కొనేది ప్లాస్టిక్ గుండ్ల తుపాకీ, లేదంటే విల్లంబులు. ఆ బాణం కొనకున్న రబ్బరు టోపీని ఒకసారి వేళ్ళతో లాగి చూడండి. ఊడి చేతికొస్తుంది. మిగిలేది గట్టి ప్లాస్టిక్ పుల్ల. పిల్లవాడి చేతిలో ఆ టోపీ సాయంత్రం దాకా నిలుస్తుందా?

తుపాకీ గుండు 6 మిల్లీమీటర్లు, బఠాణీ గింజంత. పెద్ద బంతి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక కొంత దెబ్బ కాస్తుంది. ఇంత చిన్న గుండుకు ఏ ఎముకా అడ్డు రాదు, నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. లోపల రక్తం చేరవచ్చు, శుక్లం రావచ్చు, రెటీనా చిరగవచ్చు. 7, 8 ఏళ్ళ లోపు పిల్లలకైతే చూపు ఇంకా కుదురుకుంటున్న వయసు. ఒక కన్ను చాలాకాలం మసకగా ఉండిపోతే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

చట్టం మన పక్షానే ఉంది. 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి, ఏటికొప్పాక వంటి చేతి బొమ్మలకు మినహాయింపు ఉంది. కానీ గోనెపట్టా మీద కుప్పపోసి అమ్మే సరుకుకు ముద్ర ఉందో లేదో చూసేదెవరు? అధికారులు ప్రతి తిరునాళ్ళకూ రాలేరు. అంగడికి చోటిచ్చేది మన పంచాయతీయే. అందుకే మా విన్నపం:

1. కళ్ళకు ప్రమాదమైన తుపాకులు, బాణాలు, లేజర్ లైట్లు అమ్మే అంగడికి చోటు లేదని ఆశీలు పాట (అంగళ్ళ రుసుము వేలం) షరతుల్లోనే రాయాలి. అంగళ్ళవారు నష్టపోకుండా ముందుగానే దండోరా వేయించాలి. అప్పుడు వాళ్ళు వాటి బదులు మెత్తటి బంతులు, లక్క బొమ్మలు, చక్రాల బండ్లు తెచ్చుకుంటారు.

2. తల్లిదండ్రులు ముద్రతో ఉన్న లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడాలి. ముద్ర లేకుండా అమ్ముతుంటే 1915కు ఫోన్ చేయాలి. అన్న బొమ్మ తమ్ముడి వయసుకు తగినదో కాదో కూడా చూడాలి.

3. కంటికి దెబ్బ తగిలితే నలపనివ్వకండి, ఒత్తకండి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు వేయకండి. గుచ్చుకున్నదాన్ని లాగకండి. కంటికి ఒత్తుకోకుండా కాగితం కప్పు అడ్డం పెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నొప్పి తగ్గిందని ఆగిపోకండి.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. ఈ అంగళ్ళకు చోటివ్వకూడదనే తీర్మానానికి చెయ్యెత్తండి. తిరునాళ్ళకు రెండు కళ్ళతో వెళ్ళిన బిడ్డ, రెండు కళ్ళతోనే ఇంటికి రావాలి.

ఇట్లు,
ఊరి తల్లిదండ్రులు, బడి పంతుళ్ళు