వినబడని బిడ్డకూ ఒక భాష కావాలి



మదురై, కోయంబత్తూరుల్లో తెలుగువాళ్లు నాయకరాజుల కాలం నుంచీ ఉన్నారు. బడిలో తెలుగు అక్షరం దొరకకపోయినా ఇంట్లో తెలుగు మాటను నిలుపుకున్నారు. ఇంటిభాష లేని బతుకు ఎంత వెలితో మనకు ఒకరు చెప్పాలా? మరి అదే ఇంట్లో వినబడని పసిబిడ్డ పుడితే, "సైగలు నేర్పితే ఇక మాటలు రావు, ప్రార్థించి ఆగుదాం" అని తల్లి చేతులు ఎందుకు కట్టేస్తున్నాం?

ప్రార్థన చేద్దాం. కానీ భాష పట్టుబడే తొలి ఏళ్లు మన కోసం ఆగవు. వినికిడి యంత్రం పెట్టించండి, సంజ్ఞాభాషా నేర్పండి. ఒకదానికొకటి అడ్డు కాదు.

జెకర్యా మూగవాడైనప్పుడు బంధువులు సైగలతోనే అడిగారు (లూకా 1:62). చెవిటివాని చెవుల్లో యేసు ప్రభువు వేళ్లుంచి, నాలుక ముట్టి, ఆ తర్వాతే నోటిమాట పలికాడు (మార్కు 7:33, 34).

చెవిటి పిల్లలకు తగిన భాషలోనే చదువు చెప్పాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంటోంది. 2021 నాటికే భారతీయ సంజ్ఞాభాష నిఘంటువులో 10,000 పదాలున్నాయి. అది ఇంటర్నెట్‌లో ఉచితం. వినబడని పెద్దలను సండేస్కూలుకు గురువులుగా పిలిచి, వారానికి పది సంజ్ఞలు నేర్చుకోలేమా?

బిడ్డ నోరు తెరవమని దేవుణ్ణి అడిగే సంఘం ముందు తన చేతులు కదపాలంటున్నాం మేము.