నల్లా నీటి బలము: గృహిణి యెఱుగవలసిన సంగతులు

పొయ్యిని గూర్చియు, ధాన్యము నిలువచేయుటను గూర్చియు వ్రాయునట్లే నల్లాను గూర్చియు నీ శీర్షికలో వ్రాయుట యవసరమని మేము తలంచితిమి. ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములలో కాపురముండు గృహిణులకు నీటి విషయమున రెండు విధములగు చిక్కులు కలుగుచుండును. పాత వీథులలోనివారికి ధార సన్నముగా వచ్చి, నీరు విడుచు గడువు ముగియునప్పటికి బిందెలు నిండవు. ఎత్తైన అపార్టుమెంటులలో క్రింది అంతస్తులవారికి నీరు మిక్కిలి వేగముతో వచ్చి గొట్టముల అతుకులు విడిపోవును. ఈ రెండింటికిని మూలము నీటి ఒత్తిడియే.

నీటికి బలము ఎత్తునుండి కలుగును. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారొక కిలోగ్రాము ఒత్తిడి కలిగించును. మన నగర చరిత్రయే దీనికి నిదర్శనము. 1908వ సంవత్సరమున మూసీ వఱదలు నగరమును ముంచిన పిదప మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి కట్టబడిన గండిపేట జలాశయము 1920లో పూర్తియయ్యెను. దాని నిండు మట్టము సముద్రమట్టమునకు పైన 1790 అడుగులు. హుస్సేను సాగరుది సుమారు 1684 అడుగులు మాత్రమే. గండిపేట ఎత్తున నుండుటచేతనే నీరు తనంత తాను వాలున ప్రవహించి ఆసిఫ్‌నగరులోని వడపోత స్థానమును చేరెను. దూరమునుండి వచ్చు కృష్ణా గోదావరుల నీటినో, పంపులతో నెత్తవలసి యున్నది. కావున ఆ నీటి బలమును వ్యర్థపఱచుట విద్యుత్తును వ్యర్థపఱచుటయే.

ధార సన్నముగా నున్నచో మొదట కారణము తెలిసికొనవలయును. ఒత్తిడి వేఱు, ధార వేఱు. ట్రూప్ బజారు అంగళ్లలో ఒత్తిడిని కొలుచు చిన్న గడియారము వంటి పరికరము దొరకును. దానిని నల్లాకు బిగించి, ఇంటిలోని తక్కిన నల్లాల నన్నింటిని కట్టి చూడుడు. ముల్లు తగినంత ఒత్తిడి చూపియు, పది లీటర్ల బక్కెట్టు నిండుటకు మిక్కిలి కాలము పట్టినచో లోపము వీథిలో లేదు. మీ ఇంటి గొట్టములోనే యున్నది. బోరు నీటి సున్నపు పొర గాని, పాత ఇనుప గొట్టములోని త్రుప్పు గాని, నల్లా మూతిలోని జల్లెడలో చేరిన ఇసుక గాని దారిని మూసియుండును. జల్లెడను విప్పి కడుగుట ఏ గృహిణికైనను ఐదు నిమిషముల పని.

ముల్లే తక్కువ చూపినచో కొందఱు వీథి గొట్టమునకే మోటారు తగిలించి నీటిని పీల్చుకొందురు. ఇది నిషిద్ధము. నిషేధమునకు భయపడి కాక, కారణము నెఱిగి దీనిని మానవలయును. మోటారు పీల్చినప్పుడు ముందుగా ప్రక్కయింటి నల్లా ఎండును. అంతేకాదు; గొట్టములో ఒత్తిడి బయటి గాలి కంటెను తగ్గిపోయి, పగుళ్లు ఎక్కడ నున్నను చుట్టునున్న మురుగు లోనికి వచ్చును. త్రాగునీటిలో మురుగు కలిసిన నేమగునో 2009వ సంవత్సరము మే నెలలో భోలక్‌పూరులో చూచితిమి. ఆ కలుషిత జలమును త్రాగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. మన బక్కెట్టు నిండుటకై పొరుగింటి పసిబిడ్డను ఆపదపాలు చేయుట ఏ యిల్లాలును కోరదు.

దీనికి ధర్మమైన ఉపాయము సంపు. నేలకు దిగువ నుండుటచే బలములేని నీరును దానిలోనికి దానంతట దిగును. అక్కడినుండి మోటారుతో పైట్యాంకునకు ఎక్కించుకొనుటలో ఎవరికిని నష్టము లేదు. సంపు అంచు నేలకంటె ఎత్తుగా నుండవలయును. మూత బిగువుగా నుండవలయును. లేనిచో వర్షపునీరు లోన చేరును. సంపునకు స్థలము లేనివారు నల్లాను వీలైనంత క్రిందుగా నమర్చుకొని డ్రమ్ము పట్టుకొనుట మేలు.

ఇక అధిక బలము మాట. పది అంతస్తుల భవనమున పైట్యాంకు నీరు క్రింది యింటికి సుమారు ముప్పది మీటర్లు దిగును. అనగా అచట మూడు కిలోగ్రాముల ఒత్తిడి యుండును. ట్యాంకు క్రిందనే యున్న యింటికి అందులో పదవవంతు మాత్రమే దక్కును. పైవారు స్నానపు ధారకై ట్యాంకునకును స్నానపు గదికిని నడుమ చిన్న పంపు నమర్చుకొనవచ్చును. క్రిందివారు తమ ఇంటి గొట్టము మొదటనే ఒత్తిడిని తగ్గించు వాల్వు పెట్టించుకొనవలయును. అమెరికాలో ఇల్లువంటి మోటారుబండ్లలో దేశాటనము చేయువారు విడిది స్థలమున నల్లాకు గొట్టము తగిలించుటకు ముందు ఇట్టి పరికరమునే బిగించి, ఒత్తిడిని చదరపు అంగుళమునకు 40 మొదలు 60 పౌనుల లోపల నిలుపుదురు. దానిని బండి చెంత గాక నల్లా చెంతనే బిగించుటచే నడిమి గొట్టమును రక్షింపబడును. మన యిండ్లకును ఈ పద్ధతియే తగినది.

గీజరు విషయమున మఱింత జాగరూకత వలయును. దాని రక్షక వాల్వునుండి నీటిచుక్కలు రాలుట చూచి కొందఱు గుడ్డపేలిక క్రుక్కుదురు. వేడికి వ్యాకోచించిన నీటికి ఆ దారి మూసినచో పాత్ర పగిలి ప్రాణహాని కలుగవచ్చును. చుక్కలు ఎడతెగక రాలుచున్నచో ప్లంబరును పిలిపింపుడు. గీజరుపైనను, నీటిని శుద్ధిచేయు యంత్రముపైనను అవి తాళగల ఒత్తిడి వ్రాసియుండును; కొనునప్పుడే చదువుకొనుడు.

నల్లాను ఒక్కపెట్టున కట్టుటచే గోడలో గొట్టము ధణాలున మ్రోగును. ప్రవాహము హఠాత్తుగా నాగుటచే కలుగు దెబ్బ యది. మెల్లగా కట్టుట పిల్లలకు నేర్పుడు. ఈ మాసమున ఒక దినము తీఱిక చేసికొని జల్లెడలు కడిగి, సంపు మూత పరిశీలించి, గీజరు వాల్వు చూచి, వీథి గొట్టమునకు మోటారు తగిలియున్నచో విప్పించి సంపునకు మార్పించుడు. మీ వీథిలోని తక్కిన యిల్లాండ్రకును ఈ మాట చెప్పుడు. ఒక్క యిల్లు మానిన చాలదు, వీథి యంతయు మానిననే చివరి యింటికి నీరు చేరును.