ఇంటిగుట్టు

భద్రాచలము ఆవల దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో, అడవి అంచున పనిచేయు ఉపాధ్యాయునికి ఖమ్మము బదిలీ అయిన దనుకొందము. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. బరువైన సామాను అక్కడనే అమ్మివేయుట పరిపాటి. మంచము, బీరువా అమ్మునప్పుడు లేని చిక్కొకటి స్మార్ట్ టెలివిజన్‌తో వచ్చిపడినది. మంచము తనపై ఎవరు పరుండిరో చెప్పదు, టెలివిజన్ చెప్పును.

ఇంటివారి ఖాతాలు, వైఫై పాస్‌వర్డు, పిల్లలు చూచినవి, పెద్దలు వెదకినవి అందులో నిలిచియుండును. ఖాతాకు బ్యాంకు కార్డు జతపడియున్నచో, కొన్నవారి యింట మీట నొక్కిన ఖర్చు అమ్మినవారి కెక్కవచ్చును. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. రాముని క్షేత్రమునకు పొరుగున నున్నవారికి విభీషణుని కథ వేరే చెప్పవలెనా? కావున అమ్ముటకు ముందు ఖాతాలనుండి వైదొలగి, సెట్టింగులలో ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను. పిమ్మట ఫోనులో ఆ ఖాతాను తెరచి, పరికరముల జాబితానుండి టీవీని తొలగించవలెను. ఇది అమ్మువాని క్షేమము.

మరి కొనువాని క్షేమ మెట్లు? 1930 నాటి సరకుల విక్రయ చట్టము మంచిచెడ్డలు చూచుకొను భారమును సామాన్యముగా కొనువానిపైననే ఉంచినది. గేదెను కొనువాడు పొదుగు చూచును, పండ్లు చూచును. టీవీలో ఏమి చూడగలడు? బొమ్మ స్పష్టముగనే యుండును. కాని తయారీదారు క్రొత్త సాఫ్ట్‌వేరు పంపుట మానిన పిదప కొన్ని యాప్‌లు క్రమముగా పనిచేయకపోవచ్చును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. అట్టి వరదలో తడిసి ఆరిన టీవీ పైకి చక్కగనే కనిపించవచ్చును.

తెలిసిన లోపమును పనిగట్టుకొని కప్పిపుచ్చుట మోసమని 1872 నాటి ఒప్పందాల చట్టము చెప్పుచున్నది. ఊరక మౌనము వహించుటను మాత్రము సామాన్యముగా మోసమనదు. చట్టము ఊరకున్న చోటనే ధర్మము నోరు విప్పవలెను. అది ఒక గిరిజన కుటుంబము కూలిడబ్బు కూడబెట్టి కొనుచున్న మొదటి టీవీ కావచ్చును. కొనువాడు నిన్నటి విద్యార్థి తండ్రియే కావచ్చును. లోపము చెప్పినందున ధర వేయి రూపాయలు తగ్గిన తగ్గుగాక!

తన గుట్టు తుడుచుకొనవలెను; వస్తువు గుట్టు దాచరాదు. ఈ రెండును పాటించి ఊరు విడిచిన ఉపాధ్యాయుడు, బడిలో చెప్పిన నీతిని బేరములోను నిలుపుకొన్నవాడగును.